నలభై ఎనిమిదో ఏట టైమింగ్ పడిపోతూ ఉంటే ఫుల్ మారథాన్ పోటీలు కొనసాగించాలా?

అగర_చెరువు

నా వయసు 48. ఊరు నెల్లూరు. ఉద్యోగరీత్యా చాలాకాలంగా బెంగళూరు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఉంటున్నాను. నలభైకి కాస్త ముందు పరుగు మొదలుపెట్టి, 10 కె (పది కిలోమీటర్లు), హాఫ్ (సగం మారథాన్) దాటుకుంటూ ఫుల్ (42.195 కిలోమీటర్లు) వరకు వచ్చాను. నలభై మూడో ఏట ముంబైలో 3 గంటల 58 నిమిషాల్లో పూర్తి చేశాను. అప్పటి నుంచి ప్రతి సీజన్‌లోనూ కొంత వెనకబడుతూ, ఈ ఏడాది అదే దారిలో 4 గంటల 24 నిమిషాలకు చేరాను. శిక్షణలో ఏమీ తగ్గించలేదు.

అంకెల కంటే ఎక్కువగా నన్ను బాధపెడుతున్నది మరొకటి ఉంది. ఇదివరకు అలారం మోగకముందే మెలకువ వచ్చేది. ఇప్పుడు బూట్లు కట్టుకుంటున్నంత సేపూ ఈ రోజుకు మానేద్దామా అన్న ఆలోచనే నడుస్తోంది. జనవరి ముంబై పోటీకి పేరు ఇవ్వవలసిన సమయం వచ్చింది. పేరు ఇచ్చి మళ్ళీ పోరాడాలా, లేక పోటీలు వదిలేసి ఆరోగ్యం కోసం మాత్రమే పరుగెత్తాలా? ఈ వయసు దాటినవారు, దాటుతున్నవారు చెబితే వినాలని ఉంది.

కబ్బన్_గేటు

వారంలో ఎన్ని రోజులు, ఎన్ని కిలోమీటర్లు, ఏ రోజు ఏ పేస్‌లో పరుగెత్తుతున్నారో చెప్పకుండా మేము ఏం చెప్పినా అది ఊహే అవుతుంది. నిద్ర సంగతి కూడా రాయండి.

అగర_చెరువు

వారానికి ఐదు రోజులు, మొత్తం 55 కిలోమీటర్లకు అటూఇటూగా ఉంటుంది. ఆదివారం 25 నుంచి 30 వరకు, మిగిలినవి మామూలు రోజుల్లో. అగర చెరువు చుట్టూ, లేకపోతే అవుటర్ రింగ్ రోడ్డు సర్వీసు రోడ్డు మీద పరుగెత్తుతాను. పేస్ దాదాపు ఎప్పుడూ కిలోమీటరుకు 6 నిమిషాలు. జిమ్‌కు వెళ్ళను. అమెరికా బృందంతో రాత్రి కాల్స్ ఉండడం వల్ల నిద్ర ఐదున్నర గంటలకు మించదు.

లెక్కల_మాస్టారు

అగర చెరువు గారూ, మీరు ఇచ్చిన అంకెల్లోనే జవాబు చాలావరకు ఉంది. 4 గంటల 24 నిమిషాలను 42.195 కిలోమీటర్లతో భాగిస్తే కిలోమీటరుకు సుమారు 6 నిమిషాల 15 సెకన్లు వస్తుంది. అంటే ఈనాటి మీ మారథాన్ పేస్ కన్నా వేగంగా ప్రతి ఉదయం చెరువు చుట్టూ పరుగెత్తుతున్నారు. అయిదేళ్ళ కిందట మీ పోటీ పేస్ 5 నిమిషాల 38 సెకన్లు ఉన్నప్పుడు ఈ 6 నిమిషాలు మీకు తేలిక పరుగే. శరీరం మారింది, పేస్ మాత్రం అక్కడే నిలిచిపోయింది. అందుకే తేలికగా ఉండవలసిన రోజు బరువుగానూ, గట్టిగా చేయవలసిన రోజు చప్పగానూ మిగులుతోంది.

మీ వయసుకు తేలిక పరుగు 7 నిమిషాల దగ్గర, ఒక్కోసారి అంతకన్నా నెమ్మదిగా ఉండవచ్చు. వాచీలో గుండె వేగం హద్దులు చూసుకునేవారైతే గరిష్ఠ గుండె వేగానికి 220 నుంచి వయసు తీసివేసే పాత సూత్రాన్ని ఒక్కదాన్నే నమ్మకండి. 2001లో వచ్చిన సూత్రం ప్రకారం వయసును 0.7తో గుణించి 208 నుంచి తీసివేయాలి. మీకు అది 174 అవుతుంది, పాత లెక్కలో 172. మీ వయసులో రెంటికీ పెద్ద తేడా లేదు గాని, అరవై దాటినవారికి ఆ తేడా పెరుగుతుంది. రెండూ సగటు లెక్కలే కాబట్టి ఒక్కొక్కరి గుండె పది పన్నెండు అంకెలు అటూఇటూ ఉండడం మామూలు. అన్నిటికన్నా నమ్మదగిన పరీక్ష మాట. పక్కన పరుగెత్తే మనిషితో పూర్తి వాక్యాలు ఆయాసం లేకుండా మాట్లాడగలిగితే అది తేలిక పరుగు.

వేగమే_ముఖ్యం

మాస్టారితో నేను పూర్తిగా ఏకీభవించలేను. నెమ్మదిగా పరుగెత్తమన్న సలహా విని నేను ఒక సీజన్ అంతా నెమ్మదిగానే పరుగెత్తాను, పోటీలో కూడా నెమ్మదిగానే వచ్చాను. వయసుతో ముందుగా పోయేది వేగమే. వేగంగా సంకోచించే కండరపు పోగులు ముందు సన్నబడతాయి. వాటిని వాడకపోతే అవి మిగలవు. కంఠీరవ స్టేడియం ట్రాక్ మీద వారానికి ఒక్క రోజైనా 400 మీటర్ల ఇంటర్వెల్స్ (మధ్యలో విరామమిస్తూ చేసే వేగపు పరుగులు) చేయనివారికి నలభై అయిదు దాటాక టైమింగ్ నిలవదు.

లెక్కల_మాస్టారు

మనిద్దరి మధ్య అంత దూరం లేదు. గట్టి రోజు వద్దని నేను అనలేదు. తేలిక రోజులు నిజంగా తేలికైతేనే ఆ ఒక్క గట్టి రోజుకు కాళ్ళు తాజాగా ఉంటాయి. మీ సీజన్‌లో ఆ గట్టి రోజే లేకుండా పోయింది, వీరి వారంలో అన్నీ సగం గట్టి రోజులే. ముప్పైలలో వారానికి రెండు గట్టి రోజులు తట్టుకున్న శరీరం యాభై దగ్గర పడ్డాక ఒకటి చేసి, తరువాత రెండు రోజులు కోలుకోవాలని అడుగుతుంది. అడిగినప్పుడు ఇవ్వడమే మంచిది.

జయనగర_ఉదయం

నా వయసు 52. లాల్‌బాగ్‌లో పరుగెత్తుతాను. ఈ చర్చలో ఇంతవరకు మగవారి లెక్కలే వచ్చాయి కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. వీటిలో చాలా సంగతులు అగర చెరువు గారికి కూడా వర్తిస్తాయి.

మెనోపాజ్ దగ్గరపడిన రెండు మూడేళ్ళు నాకూ ఇదే పరిస్థితి ఎదురైంది. అదే దారి, అదే శిక్షణ, కాని కాళ్ళు మాత్రం నావి కావనిపించేవి. నిద్ర మధ్యలో ఒళ్ళంతా చెమట పట్టి లేచేదాన్ని. సంకల్పబలం తగ్గిందని అందరూ అన్నారు. రక్తపరీక్ష చేయిస్తే ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వను చూపే ప్రొటీన్) బాగా తక్కువగా ఉంది, బీ12 కూడా తక్కువే. మన ఇళ్ళలో శాకాహారులకు బీ12 లోపం సాధారణం, ఎందుకంటే అది సహజంగా జంతు సంబంధమైన ఆహారంలోనే దొరుకుతుంది. ఇనుము నిల్వలు తగ్గితే హిమోగ్లోబిన్ మామూలుగా ఉన్నా పరుగులో సత్తువ ఉండకపోవచ్చు. నేను బద్ధకమని, నిరుత్సాహమని పేరు పెట్టుకున్నదానిలో సగం ఈ లోపమే. ఉత్సాహం పోయిందని అనేవారు ముందు ఈ పరీక్షలు, దానితో పాటు డి విటమిన్, థైరాయిడ్ చూపించుకోవాలని గట్టిగా చెబుతాను.

రెండోది బరువులు. ఈస్ట్రోజెన్ తగ్గాక ఎముకల సాంద్రత త్వరగా పడిపోతుంది. పరుగు తుంటికీ కాళ్ళకూ కొంత మేలు చేస్తుంది గాని వెన్నుకూ, భుజాలకూ అది చాలదు. వారానికి రెండు రోజులు స్క్వాట్లు, డెడ్‌లిఫ్ట్, ఒంటికాలి మీద పిక్కలు లేపే వ్యాయామం చేస్తున్నాను. మొదట ఇంట్లో నీళ్ళ క్యాను పట్టుకుని మొదలుపెట్టాను, ఇప్పుడు జిమ్‌కు వెళ్తున్నాను. ఆరు నెలల తరువాత లాల్‌బాగ్ బండ ఎక్కేటప్పుడు తేడా తెలిసింది. ఆ బండ వయసు 300 కోట్ల సంవత్సరాలంటారు, దాని ముందు మన యాభై ఏళ్ళను చూసుకుని బెంగపడనవసరం లేదు.

మూడోది తిండి. పొద్దున రెండు ఇడ్లీలు, మధ్యాహ్నం పప్పూ అన్నం, రాత్రి పెరుగన్నం తిని 55 కిలోమీటర్లు పరుగెత్తితే కండరం నిలబడదు. ఈ వయసులో శిక్షణ చేసేవారికి కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.6 గ్రాముల ప్రొటీన్ కావాలి. 60 కిలోల మనిషికి అది 72 నుంచి 96 గ్రాములు. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములే ఉంటాయి. కాబట్టి గుడ్లు, పనీర్, సోయా, శనగలు, పెరుగు అన్ని పూటలకూ పంచుకుని లెక్కపెట్టి తినవలసిందే. కందిపప్పు మంచిదే గాని మనం పోసుకునే పలచని పప్పుతో ఆ లెక్క తీరదు.

కబ్బన్_గేటు

ఫెరిటిన్ సంగతి ఎవరో ఒకరు రాయాలని ఎదురుచూస్తున్నాను. కృతజ్ఞతలు.

వాచీ_లేని_పరుగు

అందరూ మళ్ళీ వేగంగా ఎలా పరుగెత్తాలో చెబుతున్నారు. ఆయన అడిగిన ప్రశ్న అది కాదు. పోటీలు కొనసాగించాలా అని అడిగారు. అక్కర్లేదని నా సమాధానం.

నేను ఆదివారం బండ్లు రాని సమయంలో కబ్బన్ పార్కులో పరుగెత్తుతాను. వాచీ పెట్టుకోను, బిబ్ (పోటీ నంబరు చీటీ) తగిలించుకుని ఏళ్ళు గడిచాయి. పోటీ ఉంటే దానికోసం నాలుగు నెలల ప్రణాళిక, ప్రణాళిక ఉంటే జ్వరంలోనూ పరుగెత్తే తొందర, తొందర ఉంటే గాయం. నా చుట్టూ యాభై దాటి పరుగు మానేసినవారిలో ఎక్కువమంది పోటీ గాయాలతోనే మానేశారు. ఎనభై ఏళ్ళ వరకు పరుగెత్తాలనుకునేవారికి ఒక జనవరి ఆదివారం ఎందుకు అంత ముఖ్యం కావాలి?

శ్రీవారి_మెట్టు

నా వయసు 64, తిరుపతి వాణ్ణి, ఇప్పుడు వైట్‌ఫీల్డ్‌లో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. వాచీ లేని పరుగు గారి మాట గౌరవించదగినదే గాని అందరికీ సరిపడదు.

కెనడాలో ఎడ్ విట్‌లాక్ అని ఒక పెద్దమనిషి ఉండేవారు. 2003లో 72 ఏళ్ళ వయసులో 2 గంటల 59 నిమిషాల 10 సెకన్లలో మారథాన్ పూర్తి చేసి, డెబ్భై దాటి మూడు గంటల లోపు పరుగెత్తిన మొదటి మనిషి అయ్యారు. మరుసటి ఏడాది 73వ ఏట దాన్ని 2 గంటల 54 నిమిషాల 48 సెకన్లకు దించారు. 2016లో 85 ఏళ్ళకు టొరంటోలో 3 గంటల 56 నిమిషాల 34 సెకన్లు. ఆయన శిక్షణ చూడండి. ఇంటి దగ్గరి శ్మశానవాటికలో చుట్లు తిరుగుతూ గంటల తరబడి నెమ్మదిగా పరుగెత్తేవారు. వేగానికి సాధన ఎక్కడంటే, తరచుగా పాల్గొనే చిన్న చిన్న పోటీల్లో. శిక్షణ తనకు పెద్దగా ఆనందమిచ్చే పని కాదని, పోటీలే ఇష్టమని ఆయనే చెప్పేవారు. పోటీ తీసేసి ఉంటే ఆయన ఆ శ్మశానంలో అన్ని గంటలు తిరిగేవారు కారు. అలాంటి స్వభావం ఉన్నవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. అగర చెరువు గారు రాసిన తీరు చూస్తే ఆయనా ఆ కోవకు చెందినవారే అనిపిస్తోంది.

నలభై మూడేళ్ళ మీతో నలభై ఎనిమిదేళ్ళ మీరు పోటీపడడమే అసలు చిక్కు. నిర్వాహకులే అలా లెక్కించరు. బోస్టన్ మారథాన్ 2026 అర్హత సమయాలు చూస్తే, 35 లోపు పురుషులకు 2 గంటల 55 నిమిషాలు, 50 నుంచి 54 వరకు 3 గంటల 20, 60 నుంచి 64 వరకు 3 గంటల 50. అదే వయసు స్త్రీలకు ప్రతి తరగతిలోనూ మరో అరగంట ఎక్కువ. ఇది దయతో ఇచ్చిన రాయితీ కాదు. వ్యాయామం లేనివారిలో ఆక్సిజన్ వాడుకునే శక్తి పదేళ్ళకు సుమారు 10 శాతం తగ్గుతుంది, శిక్షణలో ఉన్నవారిలో ఆ తగ్గుదల తక్కువగా ఉంటుంది గాని ఆగదు. యాభైలో అడుగుపెట్టగానే మీ తరగతి మారుతుంది. నేను అరవైలో అడుగుపెట్టిన ఏడాది కొత్తగా మొదలుపెట్టినంత ఉత్సాహంగా ఉన్నాను. ఊరికి వెళ్ళినప్పుడల్లా శ్రీవారి మెట్టు 2,388 మెట్లూ ఎక్కుతూ నా టైమింగ్ రాసుకుంటాను, ఆ దేవుడు తప్పుపట్టడనే నా నమ్మకం.

వాచీ_లేని_పరుగు

విట్‌లాక్ గారు కోట్లమందిలో ఒకరు. ఆయనకు కూడా మోకాలి నొప్పితో నెలల తరబడి ఆగిపోయిన కాలాలు ఉన్నాయని మరచిపోకండి.

శ్రీవారి_మెట్టు

మరచిపోలేదు. ఆగిపోయి, మళ్ళీ నడకతో మొదలుపెట్టి తిరిగి వచ్చారు. నేను ఆయన నుంచి నేర్చుకున్నది ఆ ఓపికే.

నంది_కొండ_సైకిలు

మీ ఇద్దరి వాదనకూ మధ్యన ఒక దారి ఉంది. నేను నలభై ఆరేళ్ళకు పరుగు తగ్గించి సైకిల్ మీద బ్రెవేలకు (గడువు లోపల పూర్తి చేయవలసిన దూర ప్రయాణాలకు) మారాను. 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలు, 300కు 20, 400కు 27, 600కు 40 గంటల గడువు. ఒకే సీజన్‌లో ఈ నాలుగూ పూర్తి చేస్తే సూపర్ రాండనియర్ అంటారు. గడువు లోపల ఎప్పుడు వచ్చినా ఒకటే, మొదటి స్థానం, చివరి స్థానం అన్న మాటే ఉండదు. గడియారం ఉంది, పక్కవాడితో పోలిక లేదు. వారాంతంలో నంది కొండ ఎక్కుతుంటే వచ్చే సత్తువ పరుగుకు కూడా పనికి వస్తుంది, మోకాళ్ళ మీద దెబ్బ పడదు. పరుగు పూర్తిగా మానమని చెప్పడం లేదు, వారంలో ఒక పరుగు తీసి ఒక సైకిల్ రోజు పెట్టి చూడండి.

ఇంటి_వైపు_మాట

నేను పరుగెత్తను. మా ఆయన పరుగెత్తుతారు. ఆయన చూస్తారని తెలిసే రాస్తున్నాను.

ఈ చర్చలో పేస్, ప్రొటీన్, ఫెరిటిన్ అన్నీ వచ్చాయి గాని ఇంట్లోవాళ్ళు రాలేదు. ఫుల్ శిక్షణ నడిచే నాలుగు నెలలు శనివారం సాయంత్రం ఎవరింటికీ వెళ్ళకూడదు, ఎందుకంటే తొమ్మిదింటికి పడుకోవాలి. ఆదివారం లాంగ్ రన్ అయ్యాక మధ్యాహ్నం వరకు ఆయన మంచం మీదే. పదో తరగతి చదివే పిల్ల, మందులు వేసుకోవలసిన అత్తగారు, నా ఉద్యోగం, ఇవన్నీ ఆ నాలుగు నెలలూ నా ఒక్కదాని బాధ్యత అవుతాయి. నేను వద్దనను. పరుగు వల్ల ఆయన బీపీ అదుపులోకి వచ్చింది, కోపం తగ్గింది, ఆ మేలు అనుభవిస్తున్నది నేనే. కాని పేరు ఇచ్చే ముందు నన్ను అడగాలి. డబ్బు కట్టిన తరువాత చెప్పడం కాదు. ఉత్సాహం తగ్గిందని రాసినవారు, ఇంట్లో అందరూ నొచ్చుకుంటున్నప్పుడు బూట్లు కట్టుకుంటే కాళ్ళు బరువెక్కవా అని కూడా ఆలోచించాలి.

జయనగర_ఉదయం

మీరు రాసినదానిలో ప్రతి మాటా నిజం. మా ఇంట్లో పరుగెత్తేది నేను కాబట్టి ఈ మాట మావారి నోట విన్నాను. ఏడాదికి ఒక్క ఫుల్, దాని నెల ఇద్దరం కలిసి నిర్ణయించుకోవడం, ఇది మాకు కుదిరింది.

రాయలసీమ_వైద్యుడు

వృత్తిరీత్యా కొన్ని సంగతులు చెప్పాలి. నలభై దాటి, ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండెజబ్బు వచ్చిన చరిత్ర గాని, షుగరు, బీపీ, కొలెస్ట్రాల్, పొగతాగే అలవాటు గాని ఉంటే సీజన్ మొదలుపెట్టే ముందు వైద్యుణ్ణి కలవండి. మన ప్రాంతపు వారికి గుండెజబ్బు పాశ్చాత్యుల కన్నా చిన్న వయసులోనే వస్తోంది. ట్రెడ్‌మిల్ పరీక్ష బాగుంటే అంతా బాగున్నట్టే అనుకోకండి, గుండె రక్తనాళాల్లోని అన్ని పూడికలూ అందులో కనబడవు. పరుగులో ఛాతీ మీద బరువు, దవడకూ ఎడమ చేతికీ పాకే నొప్పి, కళ్ళు తిరగడం, ఎప్పుడూ లేనంత ఆయాసం వస్తే ఆ క్షణమే ఆగాలి. పోటీ మధ్యలో అయినా ఆగాలి. జ్వరంతో పరుగెత్తకూడదు.

పోటీ ఉదయం నొప్పి మాత్రలు వేసుకునే అలవాటు చాలామందిలో చూస్తున్నాను. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటివి వేసుకుని, ఒంట్లో నీరు తగ్గిన స్థితిలో నాలుగు గంటలు పరుగెత్తితే మూత్రపిండాలకు ప్రమాదం. దయచేసి మానండి.

ఈ వయసు పరుగుదారులలో పిక్క పట్టేయడం, మడమ వెనక స్నాయువు (అకిలీస్ టెండన్) నొప్పి ఎక్కువ. ఆ స్నాయువు నొప్పికి 1998లో స్వీడన్ నుంచి వచ్చిన పద్ధతి ఇప్పటికీ వాడుతున్నాం. మెట్టు అంచున మునివేళ్ళ మీద నిలబడి మడమను నెమ్మదిగా కిందికి దించాలి. మోకాలు నిటారుగా ఉంచి మూడు విడతలు పదిహేనేసి, మోకాలు వంచి మరో మూడు విడతలు, రోజుకు రెండు పూటలా, 12 వారాలు. నాలుగో వారంలో ఫలితం లేదని వదిలేసేవారే ఎక్కువ.

చెన్నై_ఉక్క

ఒక్క మాట. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్లకు పైన ఉంది, ఉదయాలు చల్లన. అక్కడ సాధన చేసి ముంబైకో, మా చెన్నైకో వస్తే ఉక్కలో చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు, గుండె వేగం పెరుగుతుంది. శరీరం వేడికి అలవాటు పడడానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. పైగా ముంబైలో పెడ్డర్ రోడ్డు ఎక్కుడు అలసిపోయాక చివర్లో వస్తుంది. మీ 4 గంటల 24 నిమిషాల్లో కొంత వాతావరణానిదే కావచ్చు, అంతా వయసు ఖాతాలో వేయకండి. అక్టోబరు, నవంబరు నెలల్లో కొన్ని పరుగులు ఎండెక్కాక చేయండి, నీళ్ళతో పాటు ఉప్పు కూడా తీసుకోండి. ఒట్టి నీళ్ళు అతిగా తాగడం కూడా ప్రమాదమే.

వేగమే_ముఖ్యం

జెల్స్ (పరుగులో శక్తి కోసం తీసుకునే చిక్కని తీపి పాకెట్లు) సంగతి ఎవరూ అడగలేదు. అగర చెరువు గారూ, పోటీలో గంటకు ఎంత తీసుకుంటున్నారు?

అగర_చెరువు

మొత్తం మీద రెండు జెల్స్. మిగతా అంతా నీళ్ళు, ఒక అరటిపండు.

వేగమే_ముఖ్యం

గంటకు 30 నుంచి 60 గ్రాముల కార్బోహైడ్రేట్ కావాలి, ఒక జెల్‌లో ఇరవై, ఇరవై అయిదు గ్రాములే ఉంటాయి. నాలుగు గంటలకు పైగా పరుగెత్తే మనిషికి రెండు జెల్స్ ఏ మూలకు? కాలేయంలోనూ కండరాల్లోనూ ఉన్న నిల్వ 30 కిలోమీటర్ల దగ్గర అడుగంటుతుంది. లాంగ్ రన్‌లలోనే కడుపుకు అలవాటు చేయండి.

అగర_చెరువు

అందరి మాటలూ రెండుసార్లు చదివాను. ఇంటి వైపు మాట గారి పోస్టు మా ఆవిడకు చదివి వినిపించాను. చాలాసేపు మాట్లాడుకున్నాం.

ఈ జనవరికి ముంబై ఫుల్‌కు పేరు ఇవ్వడం లేదు. పోటీలు మాత్రం వదలను. శ్రీవారి మెట్టు గారు నా స్వభావం సరిగ్గానే పట్టుకున్నారు, తేదీ ఒకటి ఎదురుగా లేకపోతే నేను లేవలేను. ఈ సీజన్‌కు ఒక 10 కె, ఒక హాఫ్ చాలు. రాత్రి కాల్స్ వారానికి ఒకటికి తగ్గించమని ఆఫీసులో అడిగాను, ఒప్పుకున్నారు. రక్తపరీక్షలు శనివారం. తేలిక పరుగు 7 నిమిషాలు, మంగళవారం ట్రాక్, గురువారం, శనివారం బరువులు. యాభై నిండిన ఏడాది, ఇంట్లో అందరికీ కుదిరే నెలలో, కొత్త తరగతిలో ఫుల్ పరుగెత్తుతాను. మూడు రోజులుగా 7 నిమిషాల పేస్‌లో పరుగెత్తుతున్నాను, అంత నెమ్మది కష్టంగానే ఉంది. పక్క నుంచి అందరూ దాటిపోతున్నారు.

లెక్కల_మాస్టారు

దాటిపోనివ్వండి. ఆరు వారాల తరువాత అదే గుండె వేగంతో ఎంత పేస్ వస్తోందో ఇక్కడ రాయండి. మీ శిక్షణ సరైన దారిలో ఉందో లేదో పోటీ కన్నా ముందే ఆ అంకె చెబుతుంది.

వాచీ_లేని_పరుగు

నా అభిప్రాయం మారలేదు. కాని ఫుల్‌ను వాయిదా వేసి ముందు నిద్ర సరిచేసుకోవడం మంచి నిర్ణయం. తేలిక రోజుకు తోడు కావాలంటే ఆదివారం ఆరింటికి కబ్బన్ పార్కు సెంట్రల్ లైబ్రరీ దగ్గరికి రండి. నా పేస్ 7 కన్నా నెమ్మదే.

నంది_కొండ_సైకిలు

ఈ ఆదివారం సైకిల్ ఇంట్లో పెట్టి నేనూ వస్తాను.

అగర_చెరువు

ఆరింటికి అక్కడ ఉంటాను. ఎనిమిదింటికల్లా ఇల్లు చేరాలి, పిల్లను ట్యూషన్‌కు దింపే పని ఇకపై నాది.